నిప్పుల మీద ఒక మూల

నేను డ్రైవర్ని. పాటగాణ్ణి కాను.
గిటారుకు తీగలెన్నో అడిగితే
ఇప్పటికీ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటాను.
కానీ ఈ నలుగురి గురించి ఎవరో ఒకరు చెప్పాలి,
వాళ్లు చెప్పుకోరు.

దురదగొండి అని బ్యాండుకి పేరు.
ఎలునేయ్ గొంతు, ఫెర్మిన్ గిటారు,
లుద్మిలా బేసు, నసరేనో డ్రమ్ములు,
నా డొక్కు వ్యాను.
పంపా మైదానం మీద ఆరొందల కిలోమీటర్లు,
కిటికీకి అటూ ఇటూ ఆవులే.
మనుషుల కంటే పశువులెక్కువున్న దేశంలో
మాంసం ముట్టని రాక్ బ్యాండు!
సముద్రం మధ్య ఇల్లు కట్టుకుని
ఉప్పు మానేసినట్టు.

ఆదివారం వస్తే మా దేశమంతా ఒకటే పొగ.
చర్చి గంట వినపడని వాడికి కూడా
కొవ్వు బొగ్గు మీద పడిన చప్పుడు వినపడుతుంది.
అలాంటి చోట, ఏ ఊరు వెళ్లినా,
పెద్దమనిషి ఎవరో ఒకరు వీపు తట్టి అడుగుతాడు:
"మాంసం తినరా? సరే, కోడి వెయ్యనా?"
కోడి కూడా వద్దంటే
"పోనీ హామ్? హామ్ మాంసం కాదుగా!"
నలుగురూ నవ్వుతారు. రోజూ అదే నవ్వు,
రోజూ కొత్తగా.
అంత ఓపిక నా ఇంజనుకి లేదు.

ఉపన్యాసాలివ్వరు.
వాళ్ల ముందే నేను సాసేజి రొట్టె తింటుంటే
లుద్మిలా కాగితం అందిస్తుంది.
"గడ్డానికి కారుతోంది, తుడుచుకో" అంటుంది. అంతే.

ఒక్కసారి అడిగాను నసరేనోని.
రాత్రి, పెట్రోలు బంకు, చలి.
తాత ఇచ్చిన బొంబో ఉంది అతని దగ్గర,
చెట్టు బోదె తొలిచి చేసిన పెద్ద డోలు.
తోలు మీద వెంట్రుకలు ఇంకా ఉన్నాయి,
ఎర్రటివి, ఒకచోట తెల్లమచ్చ.
"మరి ఇదేంటోయ్?" అన్నాను, దొంగ దొరికినట్టు.
చాలాసేపు ఆ మచ్చ మీద చెయ్యేసి నిలబడ్డాడు.
"దీన్ని నేను చంపలేదు. బతికించనూ లేను.
మూలన పడేస్తే మాత్రం
రెండోసారి పోతుంది" అన్నాడు.
మిగతా డ్రమ్ములన్నీ ప్లాస్టిక్కు.
కచేరీకి ఒక్క పాటకే బొంబో తీస్తాడు,
ఆ పాటకి ఎలునేయ్ మైకు వదిలేసి
పక్కకి తప్పుకుంటుంది.

త్రెంకే లౌకెన్‌లో, పశువుల సంత షెడ్డులో, ఆ రాత్రి
నసరేనో నాన్న ఎవరిస్తో వచ్చాడు.
ముప్ఫై ఏళ్లు మాంసం ఫ్యాక్టరీలో కోత పని,
ఎడమ చేతికి మూడే వేళ్లు.
తను పెట్టిన కూడు మీద కొడుకు ఉమ్మేశాడని
నాలుగేళ్లుగా మాట్లాడని మనిషి.
నిప్పుల పని ఆయనకే అప్పజెప్పారు.
గజాల పొడుగు ఇనుప చువ్వలు, పక్కటెముకలు, పేగులు,
మూడొందల మంది ఆకలి.

దెబ్బలాటైతే లాగుదామని నేను దగ్గరే ఉన్నాను.
నసరేనో నాలుగు వంకాయలు గుండెకి హత్తుకుని
బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు.
ముసలాయన మొహం చూడలేదు.
ఉల్లిపాయ సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి,
కుడివైపు చివర చువ్వల్ని తోమాడు.
పేపరుతో తుడిచాడు.
రెండో సగం గుచ్చి మళ్లీ తోమాడు,
చుక్క కొవ్వు మిగలకుండా,
ఇనుము నల్లగా మెరిసేదాకా.
కింద నిప్పులు వేరుగా లాగాడు.
"ఇక్కడ పెట్టుకో. ఈ మూలకి ఇంకేదీ రాదు."

వంకాయ తొక్క టప్పున పగిలింది.

బొంబో మోగినప్పుడు
షెడ్డు వెనక ఎద్దొకటి తలెత్తిందని
ఫెర్మిన్ ఒట్టేసి చెబుతాడు.
నేను చూళ్లేదు.
నేను చూసింది ఎవరిస్తోని,
మూడు వేళ్లతో తొడ మీద తాళం వేస్తూ,
తప్పుతూ, మళ్లీ అందుకుంటూ.

నువ్వు మారావా అంటే, లేదు.
మొన్న ఆదివారం కూడా పక్కటెముకలే.
కానీ వ్యానులో ఒక సంచి ఉల్లిపాయలు పెట్టుకున్నాను.
ఏ ఊళ్లో ఏ నిప్పు దగ్గర ఆగినా
ముందు దిగేది నేనే.
ఆంప్లిఫయరు పక్కన
వంకాయల బస్తాకి సీటిచ్చాను, బెల్టు కూడా పెట్టాను.
గతుకుల్లో అవి ఒకదాన్నొకటి రాసుకుని
కీచుమంటాయి.
శ్రుతి బావుందంటుంది లుద్మిలా.