నలభై కౌంట్

మాగుంట లేఅవుట్‌లో, టైల్స్ షాపు పైన
ఎర్ర కాగితపు లాంతరు కింద కూర్చున్నాం
నేనూ, పెంచలమ్మా.
రొయ్యల షెడ్డు మానేసిన మూడు నెలలకు
పీఎఫ్ డబ్బులు పడ్డాయి దానికి.
"పులుసు రోజూ ఉండేదే గదా,
రామెన్ అంట, అదేందో చూద్దాం పద" అంది.

గిన్నె వచ్చింది. తల పట్టేంత గిన్నె.
ఆవిరికి దాని కళ్లజోడు మసకబారింది.
తుడుచుకోలా. అట్నే వంగి
పైన తేలే రొయ్యను రెండు వేళ్లతో తీసి
లైటుకెత్తి చూసింది:
"నలభై కౌంట్. ఒలిచింది ఎవతో గానీ
నరం సగమే లాగింది."

పదకొండేళ్లు ఐసులో నానిన వేళ్లు.
చలికాలం పొద్దున రవిక హుక్కు పట్టక
నన్ను పిలిచేది.
వాటికి ఈ పుల్లలు యాడ లొంగుతాయి?
ఒకటి టేబుల్ కింద పడింది.
రెండోది కొప్పులో దోపుకుంది.

వడ్డించే పిల్లోడు, కోవూరోడే,
"సౌండు చేస్తా జుర్రాలక్కా, అదే మర్యాదంట" అన్నాడు.
చిన్నప్పుడు జుర్రితే మాకు వీపు మోగేది.

జుర్రాం.
పక్క టేబులోళ్లు తిరిగి చూసేట్టు,
పైటల మీద చుక్కలు పడేట్టు.
చివర్లో గిన్నె ఎత్తి తాగింది పెంచలమ్మ.
గిన్నె వెనక మొహం.
చాలాసేపు దించలా.

దించాక, "కాస్త చింతపండు పడాల్సింది" అంది.
గొంతు అదోలా ఉంది. నేనడగలా.

మెట్ల మీద చెయ్యి పట్టుకున్నా.
వెచ్చగా ఉంది.
పుల్ల ఇంకా కొప్పులోనే ఉంది,
చెప్పలా.