నిలువ నీడ

బాలరాట్‌లో జూలై నెల, గురువారం రాత్రి.
చర్చి వెనక హాల్లో పనిచేసే హీటరు ఒక్కటే,
దాని చుట్టూ తొమ్మిది కుర్చీలు లాక్కుంటాం.
మూల బల్ల మీద టీ డ్రమ్ము గొణుగుతుంటుంది
మాకంటే ముందే తన కల చెప్పేస్తున్నట్టు.

ఇక్కడ నియమం ఒక్కటే.
పక్కవాళ్ళ కలకి అర్థం చెప్పకూడదు.
"ఆ కల నాదే అయితే" అని మొదలుపెట్టి
ఎవరి సంగతి వాళ్ళే మాట్లాడుకోవాలి.
మెర్ల్ ఆ మాట ప్రతివారం కొత్తగా చెబుతుంది
ముప్పయ్యేళ్ళు ఒకటో తరగతికి చెప్పిన గొంతుతో.

పోయిన నెల ఒకాయన కలల నిఘంటువు పట్టుకొచ్చాడు.
పాముకి ఇదీ, మెట్లు దిగితే అదీ.
మా మేనత్త దగ్గరా ఉండేది అలాంటి పద్దు:
పెళ్ళి కలొస్తే కీడు, చావు కలొస్తే ఆయుష్షు.
చెబుదామా వద్దా అనుకుంటూ టీలో ముంచిన బిస్కెట్టు
విరిగి మునిగిపోయింది.
ఆయన మళ్ళీ రాలేదు.
నిఘంటువుని డ్రగాన్ తలుపుకి అడ్డం పెట్టాడు, గాలికి కొట్టుకోకుండా.

రంగు పెన్సిళ్ళ రోజున
అందరూ పళ్ళేలు బోర్లించి గుండ్రాలు గీశారు.
మండలం, మీ మాటే కదా, చెప్పమని నా వైపు తిరిగారు.
మా దగ్గర మండలమంటే
ఒక్క సర్టిఫికెట్టుకి మూడుసార్లు తిప్పించే ఆఫీసు,
లేకపోతే ఆయుర్వేదం డాక్టరు
పత్యంతో సహా రాసిచ్చే నలభై రోజులు.
నవ్వారు.
నోరీన్ మాత్రం తన గుండ్రం మధ్యలో చిన్న కిటికీ గీసి
దాని ముందు చేంతాడంత క్యూ గీసి
"నాదీ ఆ ఆఫీసే" అంది.

తర్వాత, నీడ.
తనదని ఒప్పుకోనిదంతా
మనిషి వెనక పోగుపడుతుందట.
ఆ రాత్రి నా వంతు.

పగలు నేను ఆసుపత్రి ల్యాబులో రక్తకణాలు లెక్కపెడతాను.
కలలోనూ అదే ల్యాబు.
ఫ్రిజ్ తలుపు చాటున ఒకామె, నా కోటు తొడుక్కుని,
నా డబ్బాలోంచి పెరుగన్నం తింటోంది.
చేత్తో. మోచేతి దాకా కారుతుంటే నాక్కుంటూ.
పన్నెండేళ్ళుగా అక్కడ నేను చెంచాతోనే తింటాను.
లాగి ఒక్కటిచ్చాను.
లేచేసరికి నా అరచెయ్యి మండుతోంది.
చెడ్డ కలొస్తే కుళాయి తిప్పి నీళ్ళకి చెప్పమంటారు మా ఇంట్లో.
చెప్పాను. మూడు వారాలు చెప్పాను.
ఇక్కడి నీళ్ళకి నా భాష రాదేమో.

హీటరు టిక్కుమంది. ఎవరూ కదల్లేదు.
డ్రగాన్, లారీలు తోలి తోలి వెన్ను అరిగినవాడు,
ఇంతవరకూ ఒక్క కలైనా చెప్పనివాడు, అన్నాడు:
"ఆ కల నాదే అయితే
ఎన్నాళ్ళయింది తిని, అని అడిగేవాణ్ణి."
తర్వాత తన బూట్లకేసి చూస్తూ ఉండిపోయాడు.
అది నా గురించి కాదని తెలుస్తూనే ఉంది.
అయినా నా కళ్ళు నిండాయి.

నీడని మీ భాషలో ఏమంటారని మెర్ల్ అడిగింది.
నీడ అనే అంటాం.
ఎండన పడి వచ్చినవాళ్ళం దాని కిందే కూలబడతాం.
ఏ దిక్కూ లేనివాణ్ణి నిలువ నీడ లేనివాడంటాం.
గూడూ నీడా అని రెంటినీ ఒక్క ఊపిరిలో అడుగుతాం.
చెబుతుంటే నాకే కొత్తగా వినబడింది,
ఇన్నేళ్ళూ నోట్లో ఉండి నమలని మాట.

తిరిగొచ్చేటప్పుడు పొగమంచు.
ఈ ఊరి కిందంతా
బంగారం కోసం తవ్వి వదిలేసిన సొరంగాలు.
వానలెక్కువైతే ఎవరి పెరట్లోనో నేల కుంగుతుంది,
నూటయాభై ఏళ్ళనాటి చీకటి తలెత్తి చూస్తుంది.
కౌన్సిల్ వాళ్ళొచ్చి చుట్టూ పసుప్పచ్చ టేపు కట్టిపోతారు.

ఇంటికొచ్చి రేపటి డబ్బా సర్దుకున్నాను.
పెరుగన్నం, పక్కన నిమ్మకాయ బద్ద.
చెంచా పెట్టాను.
కాసేపాగి, తీసేశాను.

ఆ రాత్రి ఆమె రాలేదు.
కల్లోకి టీ డ్రమ్ము వచ్చింది.
దాని గొణుగుడు తెలుగులో ఉంది.