మే ఒకటి దాకా

మా కార్డు మే ఒకటి నుంచి చెల్లుతుందట.
అందాకా ఈ ఇంట్లో ఎవరూ పడకూడదు.

సైకిలుకి తాళం వేశాను.
నానైమో వానకి మెట్లెక్కిన నాచుని
రెండుసార్లు గీకాను.
చేపలో ముల్లు తీసి, మళ్లీ వెతికి,
అప్పుడు పెట్టాను ఎల్కిన్‌కి.

రాత్రి వాడు దగ్గితే
చెయ్యి నుదుటి మీదికి,
మనసు పర్సులోకి.

పక్కింటి మిసెస్ పెన్నర్, ఒకప్పటి నర్సు,
కంచె మీంచి పలకరించింది:
"ఎలా ఉన్నావ్ యోలిమా?"
"బాగున్నా" అన్నాను,
తెగిన వేలు ఏప్రన్‌లో దాచి.
ఆమె ఇంకేమీ అడగలేదు.
సాయంత్రం గుమ్మం ముందు ఓ సంచి:
నాలుగు అరటిపళ్లు, వాటి కింద
దూది, అయోడిన్, కట్టుగుడ్డ.

వాడేమో క్యాలెండరు ముందు నిలబడి
వేలితో గళ్లు దాటుతూ అడుగుతున్నాడు:
"అమ్మా, ఒకటో తారీఖు పొద్దున్నే
చెట్టెక్కనా?"