ఇరవై నాలుగు గంటల జ్ఞాపకం

మా ల్యాబులో ఇడ్లీ రబ్బరుది.
దోసె రబ్బరుది. వేలితో నొక్కితే
మళ్ళీ ఉబ్బే వడ కూడా.
ఎవరింటికి వెళ్ళినా సంచిలోంచి తీసి
"ఇంత సైజా, ఇంతకన్నా చిన్నదా?" అని అడగాలి.

పుళియాంతోప్పులో పెంచలమ్మ
ఆ ఇడ్లీని అరచేతిలో పెట్టుకుని, వాసన చూసి,
"పిండి పులవలేదు పాపా" అంది.

నేను నవ్వలేదు. నవ్వకూడదట.
తల కూడా ఊపకూడదట.
ఊపితే మనకు నచ్చేవే తిన్నామంటారని
సుగంధవల్లి మేడం మొదటి రోజే చెప్పారు.

నిన్న లేచినప్పట్నించీ చెప్పండి.
"నాలుక్కి లేచా. రెండు వీధులు ఊడ్చా."
అది కాదమ్మా, తిన్నవి.
"టీ."
చక్కెర ఎన్ని చెంచాలు?
"కొట్టోడు ఏసినన్ని."
తర్వాత?
"ఇంకో టీ."

రెండో సెమిస్టరుకల్లా నాకు తిండి కనిపించడం మానేసింది.
మేనమామ కూతురి పెళ్ళిలో పప్పు వడ్డిస్తుంటే
నా పెదాలు వాటంతటవే లెక్కలు కట్టాయి.
మునగాకులో ఇనుమెంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
ఇక్కడ మాత్రం పెన్సిలు
టీ దగ్గరే నిలబడి ఉంది.

"మధ్యాన్నం అన్నం, మీన్ కొళంబు,"
పెంచలమ్మ గొంతు సవరించుకుంది,
"ఒక గుడ్డు."

గడప మీద హోంవర్కు రాసుకుంటున్న మోనిషా
తల ఎత్తకుండానే అంది:
"మీను ఆదివారం గదా అవ్వా.
గుడ్డు నాకిచ్చేశావు."

పెంచలమ్మ మనవరాలి వంక ఒక చూపు చూసింది.
ఆ చూపుకి మా పుస్తకంలో కోడు లేదు.

నేను రబ్బరు తీశాను, చెరిపేందుకు.
"చెరపమాక," అంది.
"ఇంట్లో గుడ్డు ఉండింది గదా.
ఉండిందని రాసుకో."

బేసిన్ బ్రిడ్జి స్టేషన్లో రైలు ఆలస్యం.
ఒళ్ళో ఫారం, పక్కన పూలబుట్ట, ఎవరిదో.
ఆరు గ్రాముల ప్రొటీను
ఎవరి ఖాతాలో వెయ్యాలి?
తిన్నవాళ్ళకో గడి ఉంది.
తిన్నామన్నవాళ్ళకి లేదు.
ఇలాంటిదాన్ని ఎక్కువ చేసి చెప్పడం అంటారు,
పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న.
పోయినసారి నాకు నాలుక్కి నాలుగు.

హాస్టలు చేరేసరికి మెస్సు తలుపులు మూసేశారు.
ట్యాపు కింద గిన్నెల చప్పుడు.
బ్యాగులో రెండు బిస్కెట్లు, రబ్బరు ఇడ్లీ.
దాని మీద ఇంకా
పెంచలమ్మ బొటనవేలి మసక.

పలమనేరు నుంచి అమ్మ ఫోను.
టమోటా మండీలో నిలబడి నిలబడి బొంగురుపోయిన గొంతు.
"తింటివా?"
తింటి.
"ఏం తింటివి?"

అన్నం, సాంబారు, బీన్స్ వేపుడు...
ఎక్కడ్నించి వచ్చిందో నోట్లోకి,
"గుడ్డు కూడా" అన్నాను.

"మంచిది," అంది అమ్మ,
రాసుకున్నట్టు.