మూడు కాపీలు

పరకాల తహసీల్ ఆఫీసుకు ఎదురుంగ
నాదొక జిరాక్సు దుకాణం.
పదకొండేండ్ల సంది
కాయితానికి కాయితాన్ని పుట్టిచ్చి బతుకుతున్న.

లోపల కిటికీ కాడి మనిషి
తలెత్తకుండ "మూడు కాపీలు" అంటడు.
ఆ మాట రోడ్డు దాటొచ్చి
నా గల్లల ఆరు రూపాయలైతది.
మూడెందుకని నేనెన్నడు అడగలె.
అన్నం పెట్టే మాటను ఎవడడుగుతడు?

ఓదెమ్మ అడిగింది.
ఎకరం పదిగుంటల పత్తి ఆమెది,
చెప్పులకంటిన నల్లరేగడి ఇంకా ఆరలె.
పాసుబుక్కు నా చేతిల పెట్టి
"ఒకటి వాళ్లకు, ఒకటి ఫైలుకు,
మూడోది ఎవలికి బిడ్డా?"

నవ్విన.
మిషిన్ల వెలుగు అటువొయ్యి ఇటొచ్చింది.
"రూలు, అవ్వా" అన్న.
"ఆ రూలు ఏడ రాసున్నదో
దాన్ని గూడ ఒక జిరాక్సు తియ్యి, సూస్త" అన్నది.

కొట్లాడలె ఆమె. గొంతు లేపలె.
వంకాయలు కిలో ఎంతని అడిగినట్టే
కిటికీ కాడ నిలబడి అదే మాట అడిగింది.
లైన్లున్నోళ్లు గొణిగిండ్రు,
"ఇచ్చేస్తె పోయెగదా ముసల్దానా, మాకు లేటైతాంది."
ఆ గొణుగుడుకు ఏ ఆఫీసు ముద్రా అక్కరలేదు,
మనకు మనమే గుద్దుకుంటం.

లోపలి మనిషి పక్క బల్లాయన్ని అడిగిండు,
ఆయన అటెండరు దిక్కు సూసిండు.
ఆఖరికి తేలిందేందంటె,
మూడో కాపీ పెట్టుమన్న సారు
రిటైరయి ఆరేండ్లాయె.
ఆయన చెప్పిన మాట మాత్రం
ఇంకా డ్యూటీల ఉన్నది.

ఆ దినం రెండే తీసుకున్నరు.
తెల్లారి మళ్ల మూడు.

పోతపోత ఓదెమ్మ అన్న మాట ఇది:
"సంచి మీది బొమ్మ సూసి ఇత్తనం ఏస్తమా?
తడిబట్టల మూటగట్టి మూడొద్దులు సూస్తం.
మాటను గూడ గంతే."

ఇగ అప్పటి సంది నాకు నిమ్మళం లేదు.

హన్మకొండల పార్కింగు పోరడు
ఈల ఊది పది రూపాయల చిట్టీ చింపితె
"ఎవల జాగ తమ్మీ ఇది?" అన్న.
చిట్టీ మీద పేరు లేదు, నంబరు లేదు,
పిలగాని మొకం మీద గూడ జవాబు లేదు.
మొన్న మన ముందట జెండా పట్టుకొని ఉరికినాయన
ఇయ్యాల రసీదు బుక్కు పట్టుకొని నడుస్తున్నడు.
"ప్రశ్నించుండ్రి" అని మైకుల ఒర్రేటోన్ని గూడ
మైకు కిరాయి ఎవలిచ్చిండ్రని అడగబుద్ధైతది.

అట్లని అన్నిటికి అడ్డం తిరుగుతలేను.
రాత్రి పదకొండింటికి, రోడ్డు మీద కుక్క లేకున్నా
ఎర్రలైటు కాడ బండి ఆపుత.
ఎందుకని నన్ను నేనే అడిగిన,
జవాబు దొరికింది, ఆగిన.
పోలీసాయన ఉన్నడా లేడా
తిరిగి సూడలె.

కష్టమంత ఇంట్లనే.
"తొమ్మిదింటికి లైటు బందు" అన్న.
"ఎందుకు నాయ్నా?" అన్నది నా బిడ్డ లాస్య, తొమ్మిదేండ్లది.
"నేను చెప్తున్న గనుక."
అన్నంక నా గొంతు నాకే
ఆ కిటికీ రెక్క పడ్డట్టు ఇనబడ్డది.
ఆ రాత్రి జవాబు ఎతుక్కుంటనే పన్న.
సగం దొరికింది.
దాంతోని తొమ్మిదిన్నర దాక బేరమైంది.

దుకాణం ముందట నేనే రాయిచ్చిన బోర్డు,
"ఇచ్చట నిలుచుండరాదు".
ఎవల నీడకు నేను కావలి?
సున్నం పూసి తుడిపేసిన.
అక్షరాలు ఇంకా లోపల్నుంచి కనబడుతనే ఉన్నయ్.

నిన్న ఒకాయన ఉరుకొచ్చి
"జల్ది, మూడు తియ్యన్నా" అన్నడు.
మిషిను మీద నా చెయ్యి ఆగింది.
"మూడెందుకు?" అన్న.

కిందికి మీదికి సూసిండు నన్ను.
"అడగనీకి నువ్వెవలివి?" అన్నడు.

మంచిగనే మొదలువెట్టిండు.