ఉప్పు లెక్క

మూడు నెలలకోసారి భీమవరంలో నా రక్తం తీస్తారు.
సున్నా పాయింట్ ఎనిమిది. "బాగుందండి" అంటాడు ల్యాబ్ కుర్రాడు,
నేను రైతులకి చెప్పే గొంతుతోనే.
ఇరవయ్యేళ్లుగా నా పని చెరువుల్లో నీళ్లు చూడ్డం.
మొగల్తూరు నించి పేరుపాలెం దాకా
ఏ గట్టు కింద ఉప్పెంతో అడగండి, నిద్రలో చెబుతాను.
నాలో ఎంతుండాలో మాత్రం
నలభై ఒకటో ఏట తెలిసింది.

ఆ చైత్రం చివర పదకొండు రాత్రులు నిద్ర లేదు.
రాక కాదు, అక్కర్లేకపోయింది.
కాలవలు కట్టేసి ఊరంతా బిందెలు పట్టుకు తిరుగుతుంటే
నా తలలో లాకులన్నీ ఒక్కసారే ఎత్తేశారు.
పన్నెండెకరాలు ఒక్క పూటలో కౌలుకి రాయించాను.
ఏరియేటర్లకి పేర్లు పెట్టాను.
చించినాడ వంతెన మీద నిలబడి
సముద్రానికి దగ్గరదారి చెప్పాను వశిష్ఠకి.
నవ్వకండి. అది విన్నది.
మాణిక్యం గాజులు తాకట్టులో ఉన్నాయన్న మాట
శుభవార్తలా వినిపించింది నాకు.

తర్వాత ముసురు.
ఎప్పుడు పట్టిందో చెప్పలేను.
మంచం పక్కనే చెంబు. చెయ్యి చాస్తే అందుతుంది.
చాచేసరికి సాయంత్రమైంది.
దిగులంటారు గానీ, దిగులుకి కనీసం ఓ రుచి ఉంటుంది.
చందువా కూరైనా గోడ సున్నమైనా
నా నాలుక్కి ఒకటే.

గాలి సోకిందన్నారు.
డబ్బు పోతే ఎవడికైనా అంతేనన్నారు.
"లేచి నాలుగడుగులెయ్యి బావా, అదే పోద్ది"
అన్నాడు మా బావమరిది సుబ్బారాయుడు.
తెల్లారగట్ల మూడింటికి
చెరువులో గాలి తగ్గి రొయ్య పైకి తేలితే
ఇదే మాట అంటాడా గట్టు మీద నిలబడి?
ఒళ్లొంచమంటాడా దాన్ని, దేవుణ్ణి తలుచుకోమంటాడా?
లుంగీ ఎగ్గట్టి పరిగెత్తి మోటారేస్తాడు.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు:
మెదడులో కబుర్లు మోసే రసాయనాలు,
గాడి తప్పిన నిద్ర గడియారం,
పొలంతో పాటు నెత్తురులో వచ్చే వాటా.
మందు పేరు లిథియం. అదీ ఓ రకం ఉప్పేనట.
అర్థమయ్యాక సిగ్గు సగం దిగింది.

కానండీ, చెరువు ఏడవదు.
తేలిన రొయ్యకి కూతురి స్కూలు ఫీజు గుర్తుకు రాదు.
గోడవైపు తిరిగి పడుకున్నవాడికి ఓ పేరుంది, అప్పుంది.
అట్టలు కట్టిన ఆ జుట్టుకి, ఏమీ అడక్కుండా,
కొబ్బరినూనె రాసి చిక్కు తీసిన చేతుల్ని
ఏ లెక్కలో వెయ్యమంటారు?

మా నాన్న ఏటా శ్రావణంలో మాట మానేసేవాడు.
మౌనవ్రతం అనేది అమ్మ, గుమ్మంలోకొచ్చిన ప్రతివాళ్లతో.
జనం దండం పెట్టి అరటిపళ్లు పెట్టి పోయేవారు.
అవి నల్లబడుతుంటే
చూస్తూ కూర్చునేవాడు.
వ్రతం కార్తీకం దాకా ఎందుకు సాగుతుందో
ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను.
వేళ్లు కాస్త వణుకుతాయి, చుక్క పడాల్సిన చోట రెండు పడతాయి,
మాణిక్యం టీ గ్లాసు సగమే నింపుతుంది.
బస్సు వంతెనెక్కినప్పుడు కిటికీలోంచి నదిని చూస్తాను.
నాతో ఏం మాట్లాడదు.
ఆ పదకొండు రాత్రులూ మళ్లీ కావాలనిపించదా అంటే
అబద్ధమాడలేను.

మొన్న మా జోషిత గట్టు మీదకొచ్చింది.
ఉప్పు కొలిచే గొట్టంలో కన్ను పెట్టి
అటు తిరిగే అడిగింది:
"నాకూ వస్తుందా నాన్నా?"

పక్క చెరువులో ఎవరో మేత జల్లుతున్నారు.
తెలీదమ్మా అన్నాను.
వస్తే మాత్రం
వ్రతమని ఎవర్నీ చెప్పనివ్వను.

కాసేపాగి,
"పన్నెండుంది" అంది.
రాసుకోమన్నాను.