ఖాళీ జాగ

పరకాల తహసీలు కచేరీ గోడవారన
రేకు నీడ కింద నా గోనెపట్టా, నా సిరాబుడ్డి.
అర్జీకి రెండణాలు, చదివి చెప్తే అణా.
ఫసలీ పదమూడు వందల ముప్పై తొమ్మిది.
ఆ యేడు మొగులైంది గాని వాన పడలేదు.
శిస్తు పడ్డది.

ఓదెమ్మ వక్కాకు సంచిలోంచి రసీదు తీసింది.
నాలుగు మడతలు, మడత మడతకూ చెమట మరక.
"సదువు" అన్నది. కూర్చోలేదు.
ఉర్దూ రాత. ఆ పట్వారి చెయ్యి నాకు తెలుసు,
అక్షరాలకు చుక్కలు పెట్టడు
ఏది ఏదో తర్వాత తేల్చుకోవచ్చని.
అంకె మాత్రం సాఫుగా ఉంది.

"తొమ్మిది రూపాయలు, హాలీ సిక్కా, ముట్టినవి."

"మసీదుకాడి సాయెబు తొమ్మిదే అన్నడు.
కాజీపేట దాక నడిసిపోతే
టేషన్ల టికెట్ల బాబు తొమ్మిదే అన్నడు.
ముగ్గురు ఒక్కతీరు అవద్దం ఆడరు గద.
అయితే అవద్దం కాయితమే ఆడుతాంది."

కొంగున కట్టిన నులక తాడు విప్పింది.
రూపాయికో ముడి. పద్నాలుగు ముళ్లు.
దొడ్డువి జొన్నలు అమ్మిన నాటివి,
బిగుసుకున్న మూడు మేకపిల్లవి,
కొసకున్నది ఆమె కాలి మట్టెలది.

నేను నవ్వలేదు. ఇది చెప్పుకోవాలి,
ఎందుకంటే లోపల పేష్కారు నవ్వాడు
కలం తోకతో తాడును పైకెత్తి
"దీనికి మోహరేది?" అని.

గరీబ్ పర్వర్ సలామత్ అని మొదలుపెట్టి
అర్జీ రాశాను, చదివి వినిపించాను.
ఆమె ఆ కాగితం పట్టుకొని బాట దాటి
అవతల కూర్చునే విఠల్‌రావు దగ్గరికి పోయింది.
అణా ఇచ్చి నా రాతను ఆయన నోట విన్నది.
నాకు మండింది.
ఇరవై రెండేండ్ల చెయ్యి నాది,
నా ఎదురుగానే!

రెండు నోళ్లూ కలిశాక తిరిగొచ్చి
బొటనవేలు సిరాలో ముంచింది.
ముంచి, ఆపింది.

"నీ రాత గీడ అయిపోయింది. నా ఏలు గాడ.
నడుమ గీ జాగ ఎవ్వలిది?"

నాలుగు వేళ్లంత తెల్ల కాగితం.
"అది రివాజు" అన్నాను.
"గసొంటి రివాజులనే
మా బావ మూడెకరాలు కొట్టుకపోయినయి.
గీత కొట్టు."

కొట్టాను, ఈ మూల నుంచి ఆ మూలకు,
గండి పడ్డ చోట మట్టి వేసినట్టు.
ఆమె బావ పేరు అడగలేదు.

ఏడేండ్ల కింద, దసరా ముందు,
ఎవరిదో వేలిముద్ర పైన ఉన్న జాగలో
మూడు వరుసలు నింపింది నేనే.
పట్వారి ఎనిమిది రూపాయలిచ్చాడు.
పిల్లకు జరం, హన్మకొండ డాక్టరు.
ఎవరి వేలో చూడలేదు.
మూడెకరాలో నాలుగో, అదీ చూడలేదంటే
ఇక్కడ మీరు నన్ను నమ్మాల్సిన పని లేదు.

ఓదెమ్మ వేలు గోడకు తుడుచుకొని పోయింది.
అందరూ అక్కడే తుడుస్తారు.
ఏటా సర్కారు పుట్టినరోజుకు సున్నం కొడతారు,
మొదటి వానకు నీలి మరకలు
ఒక్కొక్కటే మళ్లీ పైకొస్తాయి.
కచేరీ లోపల కూర్చున్న వాళ్లకు
గోడ బయటి పక్క కనపడదు.

రెండేండ్లకు జవాబొచ్చింది. రెండే మాటలు,
దాఖల్ దఫ్తర్.
మొదట నాతో చదివించింది,
తర్వాత విఠల్‌రావుతో.

తాడు ఇప్పుడు మూరెడు పెరిగింది.
కచేరీకి వచ్చిన తిప్పకో ముడి అట.
"ఎన్నయినయి?" అని చెయ్యి చాపాను.
ఇవ్వలేదు.
దూరం నుంచే ఎత్తి చూపించింది,
నేను లెక్క పెట్టుకునే దాకా
అట్లనే పట్టుకొని నిలబడ్డది.